ముప్పై ఒకటో రోజు సంగతి

ప్రశ్న:

అక్కా, నమస్కారం. మాది కోనసీమలో వైనతేయ పాయ పక్కన లంక ఊరు. నాకు 32 ఏళ్లు. తొమ్మిదో తరగతి మధ్యలో చదువు మాన్పించేశారు. మా ఆయన కొబ్బరి దింపు పనికి వెళ్లేవారు. మూడేళ్ల కిందట వానల్లో చెట్టు మీంచి జారిపడి పోయారు. పాప నాలుగో తరగతి. బాబుకి నాలుగేళ్లు, అంగన్‌వాడీకి వెళ్తాడు. అత్తారింట్లో ఉండలేక పుట్టింటికి వచ్చేశాను. ఇక్కడ అమ్మ, తమ్ముడు, మరదలు ఉన్నారు. పింఛను నాలుగు వేలు వస్తుంది. పీచు మిల్లులో కూలికి వెళ్తాను, వానలొస్తే అదీ ఉండదు. ఆయన ఆస్పత్రి ఖర్చులకి చేసిన అప్పు ఇంకా డెబ్బై వేలుంది. వారం వారం కడుతున్నాను.

కువైట్‌లో ఉన్న మా పిన్ని కూతురు ఇంటి పనికి రమ్మంటోంది. ఏజెంటేమో విజిట్ వీసా మీద పంపి అక్కడ మార్పిస్తానంటున్నాడు. మరదలు కూడా వెళ్లమనే అంటోంది. ఇంతలో మా డ్వాక్రా సంఘం యానిమేటరు వచ్చి, రాజమండ్రిలో బ్యాంకువాళ్లు నెల రోజులు ఉచితంగా కుట్టు నేర్పుతారు, భోజనం, వసతి వాళ్లదే, పేరు రాయించుకో అంది. అమ్మ ఒప్పుకోవట్లేదు. "పిల్లాణ్ణి వదిలేసి నెల్రోజులు ఊరుగాని ఊళ్లో ఉంటే నలుగురూ ఏమనుకుంటారు" అంటోంది. మా వీధిలో ఇప్పటికే నాలుగు మిషన్లున్నాయి. నేర్చుకున్నా నా దగ్గరికి ఎవరొస్తారు? నాలాంటివాళ్ల బతుకులు ఈ శిక్షణలతో నిజంగా బాగుపడతాయా అక్కా? నన్నేం చేయమంటారు?

ఒక చెల్లి, కోనసీమ

సమాధానం:

చెల్లీ,

నువ్వడిగిన ప్రశ్నల కన్నా, దారిన పోతూ అన్నట్టు రాసిన ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. "మా వీధిలో ఇప్పటికే నాలుగు మిషన్లున్నాయి" అన్నావు. వారం కిస్తీకి తడుముకునే స్థితిలో ఉండి కూడా గిరాకీ లెక్క చూశావు. కుట్టు నేర్చుకోవడానికి వచ్చేవాళ్లలో చాలామంది ఆ లెక్క నేర్చుకోవడం అయిపోయాక చూస్తారు. నువ్వు ముందే చూశావు గనక నీతో ధైర్యంగా అంటున్నాను, శిక్షణకు వెళ్లు. ఏ పనిలో, ఏ నెలలో, ఇల్లు ఎలా సర్దుకుని అన్నదే మనం మాట్లాడుకోవాల్సింది.

నేను పద్నాలుగేళ్లు ఆడవాళ్లకు కుట్టు నేర్పాను. బతుకు నిలబెట్టుకున్నవాళ్లను చూశాను. సర్టిఫికెట్టు ట్రంకుపెట్టెలో చీరల కింద పెట్టి మళ్లీ కూలికి పోయినవాళ్లనూ చూశాను. ఆ రెండోవాళ్లకు పని రాక కాదు. కొందరైతే నాకన్నా బాగా కుట్టేవారు.

ఆ తేడా ఎక్కడుందో నాకు మా అమ్మను చూస్తే తెలిసింది. మాది నరసాపురం దగ్గర పల్లె. అక్కడ లేసు అల్లని ఇల్లుండేది కాదు. 19వ శతాబ్దంలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మిషనరీలు నేర్పిన పని అది. మా నాన్న పోయేటప్పటికి మేం ముగ్గురం పిల్లలం. వంటయ్యాక అరుగు మీద కూర్చుని, దీపం పెట్టే వేళ దాకా అమ్మ కొక్కెం సూదితో అల్లుతూనే ఉండేది. ఏజెంటు దారం తూచి ఇచ్చేవాడు, అల్లిక తూచి తీసుకెళ్లేవాడు. ఎంత ఇస్తే అంత. ఆ లేసు ఓడలెక్కి ఏ దేశం పోతుందో, అక్కడ ఎంతకు అమ్ముతారో ముప్పై ఏళ్లలో ఒక్కనాడూ అమ్మకు తెలీదు. అడగాలని కూడా తోచలేదు. ఇప్పుడు నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతపు సొంత పని అనే ప్రభుత్వ ముద్ర వచ్చింది, 2024లో. ఆ వార్త చదివిన రోజు నాకు అమ్మ వేళ్ల మీది కాయలే గుర్తొచ్చాయి. పని ఆవిడ చేతిలో ఉంది. పని మీద ఆవిడ చెయ్యి లేదు.

కాబట్టి చెల్లీ, ఎవరైనా శిక్షణ ఇస్తామంటే నేను ముందు చూసేది ఇదే. సూదిలో దారం ఎక్కించడంతో పాటు ధర కట్టడం నేర్పుతారా, పద్దు రాయడం నేర్పుతారా, బ్యాంకు మేనేజరు ముందు కూర్చుని మాట్లాడటం నేర్పుతారా? నీకు యానిమేటరు చెప్పిన సంస్థ ఆ రకందే. వీటిని గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలంటారు. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల వాళ్లు, రెండు బ్యాంకులు కలిసి మొదలుపెట్టిన పద్ధతిని చూసి, తర్వాత దేశమంతా జిల్లాకొకటి చొప్పున బ్యాంకుల చేత పెట్టించారు. రాజమండ్రిలో ఉన్నది ఒకప్పటి ఆంధ్రా బ్యాంకుది, విలీనం తర్వాత యూనియన్ బ్యాంకుది అయింది. రూపాయి కట్టక్కర్లేదు. పనితో పాటు వ్యాపారం ఎలా నడపాలో చెప్తారు, అప్పు కాగితాలు రాయిస్తారు. శిక్షణ అయ్యాక రెండేళ్ల దాకా నిన్ను కనిపెట్టి ఉండటం కూడా వాళ్ల పనిలో భాగమే. ఈ చివరిది చాలామందికి తెలియదు. ఫోను చేసి "నా పని ఇలా ఆగింది" అని అడిగే హక్కు నీకుందన్నమాట. మొహమాటపడకు.

ఉచితం అన్న ప్రతిదీ ఇలాంటిదే అనుకోవద్దు. నేను కొన్నాళ్లు ఒకచోట నేర్పడానికి వెళ్లాను. ఇరవై అయిదు మందికి ఆరు మిషన్లు, అందులో రెండు పనిచేయవు. పొద్దున సంతకాలు, ఫొటో, మధ్యాహ్నానికి ఇళ్లకు. నెల తిరిగేసరికి అందరి చేతిలో సర్టిఫికెట్టుంది, ఒక్కరికీ జాకెట్‌కు చంక కత్తిరించడం రాదు. నేను మూడు వారాలకే మానేశాను, ఆ ఆడవాళ్లకు ఏమీ చెప్పకుండా. వాళ్లకు నిజం చెప్పి ఉండాల్సిందని ఇప్పటికీ బాధపడతాను. అందుకే పేరు రాయించే ముందు ఒకరోజు వెళ్లి చూసిరా. ఎంతమందికి ఎన్ని మిషన్లు, కిందటి బ్యాచ్‌లో నేర్చుకున్నవాళ్లు ఇద్దరి ఫోను నంబర్లు ఇస్తారా అని అడుగు. మిషను ఇప్పిస్తామని ముందుగా డబ్బు కట్టించుకునేవాళ్ల జోలికి పోకు.

బతుకులు నిజంగా బాగుపడతాయా అన్నావు. డబ్బు సంగతి తర్వాత చెప్తాను. ముందు వేరే సంగతి.

చాలా ఏళ్ల కిందట నా క్లాసుకు ఒకావిడ వచ్చేది. నీ వయసే. భర్త బతికే ఉన్నాడు, ఉన్నాడన్న పేరే గాని ఇంటికి రాడు. మొదటి నాలుగు రోజులు ఆవిడ గొంతు నేను వినలేదు. పేరు పిలిస్తే చెయ్యెత్తేది, అంతే. కుట్టులో మొదట గుడ్డ ఇవ్వం, పాత పేపర్ల మీద కొలతలు గీసి కత్తిరించడం నేర్పుతాం. ఆవిడ పేపరు ముక్క ముక్కకీ భయపడేది. తప్పు కత్తిరిస్తే ఎవరో కొడతారన్నట్టు నా మొహం చూసేది. పదకొండో రోజో పన్నెండో రోజో, ముందు భాగం రెండు ముక్కలూ ఒకే వైపువి కత్తిరించి, అప్పుడు చూసుకుని, గట్టిగా నవ్వేసింది. క్లాసంతా నవ్వింది. ఆ మధ్యాహ్నం కేరియరు విప్పి పక్కావిడకు చేపల పులుసు వడ్డించింది. ఆ తర్వాత ఆపితే ఆగేది కాదు.

ఆ పదకొండు రోజుల్లో ఆవిడకు వచ్చింది కుట్టు కాదు చెల్లీ. తప్పు చేస్తే ఏమీ కాదని తెలిసింది. తనలాంటి వాళ్లు ఇంకా ఇరవై మంది ఉన్నారని తెలిసింది. మొగుడు పోయినవాళ్లనో, వదిలేసినవాళ్లనో ఊరు ఒక మూలకు నెట్టేస్తుంది. పేరంటానికి పిలవరు, పెళ్లిలో ముందుకు రానివ్వరు. నీకు చెప్పక్కర్లేదు, మూడేళ్లుగా చూస్తూనే ఉన్నావు. ఆ గదిలో మాత్రం నిన్ను ఫలానా వాడి భార్య అనరు, నీ పేరు పెట్టి పిలుస్తారు. పొద్దున తొమ్మిదింటికి నీ కోసం ఒక కుర్చీ ఉంటుంది. ఈ మాట ప్రభుత్వ కాగితాల్లో ఎక్కడా రాసి ఉండదు. నేను పద్నాలుగేళ్లు అందరికన్నా దగ్గర్నించి చూసింది మాత్రం దీన్నే.

1909లో మన రాజమండ్రిలోనే పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఈ సంగతి మనకన్నా ముందే కనిపెట్టారు. ఆమెకు ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు, పెద్దయ్యాక ఆ పెళ్లి నుంచి బయటికొచ్చి చదువుకున్నారు. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు నడిపిన రోజుల్లో, 1958లో, చదువు మధ్యలో ఆగిపోయిన పెద్దవయసు ఆడవాళ్లను తక్కువ కాలంలో పరీక్షలకు తయారుచేసే కోర్సులు పెట్టించారు. భర్తలు పోయినవాళ్లు, వదిలేసినవాళ్లు వాటిలో చదివి నర్సులూ పంతులమ్మలూ గ్రామసేవికలూ అయ్యారు. "ఈ వయసులో చదువేంటి" అనే మాటకు మన గోదావరి గట్టు మీది ఆడమనిషే అప్పుడెప్పుడో జవాబు చెప్పింది. నీ తొమ్మిదో తరగతి సంగతి కూడా అందుకే ఎత్తుతున్నాను. ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టొచ్చు. ఈ ఏడాదే అక్కర్లేదు, మనసులో పెట్టుకో. ఎందుకో ఇప్పుడు చెప్తాను.

ఏ పని నేర్చుకోవాలి? కుట్టే కావాలని పట్టు పట్టకు, వద్దనీ అనకు. ఆ నాలుగు మిషన్ల దగ్గరికీ ఒకసారి వెళ్లు. పోటీకి వచ్చానని కాదు, జాకెట్ కుట్టించుకోవడానికి వెళ్లినట్టు వెళ్లు. ఎన్ని రోజులు పడుతుందంటారు? లైనింగ్ వేస్తారా? ఫాల్, పీకో చేస్తారా, లేక దానికి అమలాపురం పంపిస్తారా? ఆడపిల్లల పట్టు లంగాలు, డ్రెస్సులు కుడతారా? మా వైపు ఊళ్లలో నేను చూసిందేమిటంటే, మామూలు జాకెట్ అందరూ కుడతారు, మాట ఇచ్చిన రోజుకు ఇచ్చేవాళ్లే ఉండరు. శ్రావణంలో, మాఘ ఫాల్గుణాల్లో పెళ్లిళ్లు ముంచుకొస్తే ఊళ్లో పదిమంది దర్జీలున్నా చాలరు. సంక్రాంతికి అల్లుళ్లూ కూతుళ్లూ దిగే ముందు పది రోజులు మిషను ఆగదు. జూన్‌లో బడి కిట్లలో వచ్చే యూనిఫాం గుడ్డ కుట్టించాల్సిందే, అది ఊరి బడిలో ఎంతమంది పిల్లలుంటే అంత పని. అలాగే మూఢం వచ్చిందంటే, ఆషాఢం వచ్చిందంటే చేతిలో పనుండదు. కుట్టులో సంపాదన నెలజీతంలా రాదు, వరదలా వచ్చి ఎండిపోతుంది. నీ అప్పు మాత్రం వారం వారం అడుగుతుంది. ఇది తెలిసి దిగు.

నీకు పీచు పని తెలుసు. కొబ్బరి పీచు బోర్డు ప్రాంతీయ కార్యాలయం రాజమండ్రిలోనే ఉంది, ఆడవాళ్లకు తాడు పేనడం, చాపల అల్లిక లాంటివి భత్యం ఇచ్చి నేర్పే శిక్షణలు వాళ్లవి. కూలికి వెళ్లే పనినే నీ సొంతానికి చేసుకోవచ్చా అని అడగడంలో తప్పులేదు. ఆత్రేయపురం వైపు పూతరేకుల పని, మోరి వైపు జీడిపప్పు పని చెప్పేవాళ్లుంటారు. అవి ఆ ఊళ్లకు దగ్గరున్నవాళ్లకు బాగుంటాయి, నీకు దూరం.

ఇంకొకటుంది. దాన్ని ఎవరూ నీకు చెప్పి ఉండరు. కువైట్ వెళ్లి నువ్వు చేయబోయే పని ఏంటి? ఒక ఇంట్లో పెద్దవాళ్లనీ పిల్లల్నీ చూసుకోవడం, వంట, శుభ్రం. ఆ పనికి మన డెల్టాలోనే మనుషులు దొరకట్లేదు. ఏ ఊరికైనా వెళ్లి చూడు, పెద్ద పెద్ద మండువా ఇళ్లలో ఇద్దరేసి ముసలివాళ్లు. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో. పెద్దాయనకు పక్షవాతం, పెద్దావిడకు షుగరు. రోజూ వచ్చి ఒళ్లు తుడిచి, పక్క మార్చి, మందులు వేళకు వేసి, బీపీ చూసి రాసిపెట్టే మనిషి కోసం ఆ పిల్లలు ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటారు. పడకలో ఉన్నవాళ్లను చూసుకోవడానికి శిక్షణ కోర్సులున్నాయి, వాటికి చాలాచోట్ల పదో తరగతి అడుగుతారు. అందుకే ఓపెన్ స్కూల్ మాట ఎత్తాను. అందులో కూలి కాదు, నెల జీతం. రాత్రి నీ పిల్లల పక్కనే పడుకుంటావు. కుట్టుతో మొదలుపెట్టి, ఒక ఏడాది తర్వాత దీని గురించి ఆలోచించమని నా సలహా. ముసలివాళ్లంటే నీకు విసుగు లేకపోతేనే సుమా. విసుగుంటే ఆ పని వద్దు, వాళ్లకూ మంచిది కాదు.

ఇక ఇంటి సంగతి. శిక్షణ మధ్యలో మానేసేది ఎవరని అడిగితే నేను కళ్లు మూసుకుని చెప్పగలను, చంటిపిల్లల తల్లులు. నా ఒక్కదాని మాటే కాదు. ఢిల్లీ మురికివాడల్లో ఆర్నెల్ల కుట్టు శిక్షణ మీద జరిపిన ఒక అధ్యయనం 2017లో అచ్చయింది. శిక్షణ అవకాశం దొరికిన ఆడవాళ్లు దొరకనివాళ్ల కన్నా పనిలోనూ సంపాదనలోనూ ముందుకెళ్లారని అందులో తేలింది. కోర్సు పూర్తి చేయలేకపోయినవాళ్లకు అడ్డుపడినవి మూడు: కేంద్రం దూరం, పిల్లల్ని చూసేవాళ్లు లేకపోవడం, చేతిలో డబ్బు ఆడకపోవడం. ఢిల్లీ అయినా లంక అయినా తల్లికి కాళ్లకడ్డం పడేవి అవే.

దూరం గురించి: వసతిలో ఉండలేకపోతే రోజూ వెళ్లిరావడానికి ఒప్పుకుంటారేమో అడుగు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన రాష్ట్రం ఆడవాళ్లకు టిక్కెట్టు లేదు కాబట్టి చార్జీల బెంగ లేదు. కానీ మీ లంక నుంచి రాజమండ్రికి రోజూ రాకపోకలంటే ప్రాణం పోతుంది. నా మాటైతే వసతిలోనే ఉండు, ఆదివారం వచ్చి పిల్లల్ని చూసి వెళ్లు. బ్యాచ్ ఏ నెలలో అన్నది మాత్రం గట్టిగా పట్టించుకో. జూలై, ఆగస్టుల్లో వద్దు. గోదావరి పొంగి కాజ్‌వే మునిగితే పిల్లలు అటు, నువ్వు ఇటు. ఆ రాత్రులు నువ్వు క్లాసులో ఉన్నా నీ ప్రాణం ఏటి గట్టు మీదే ఉంటుంది. సంక్రాంతి అయ్యాక మొదలయ్యే బ్యాచ్ అడుగు.

పిల్లవాడికి నాలుగేళ్లన్నావు. మధ్యాహ్నం దాకా అంగన్‌వాడీ ఉంది, ఆ తర్వాతే ఇబ్బంది. ఒక్క మీ అమ్మ మీదే వేయకు. ఆవిడకు జ్వరమొచ్చిందంటే నువ్వు ఇంటికొచ్చేస్తావు, కోర్సు పోతుంది. మీ సంఘంలో పిల్లలున్న ఆవిడ ఒకరితో ఇప్పుడే మాట్లాడుకో. "ఈ నెల నా పిల్లాణ్ణి సాయంత్రాలు నువ్వు చూడు, వచ్చే ఏడాది నీ ఇంట్లో వాళ్లందరి జాకెట్లూ నేను కుడతాను" అను. ఇలా మాట్లాడుకున్నవాళ్లను చూశాను, జరుగుతుంది. పాప పెద్దది గదా తమ్ముణ్ణి చూసుకుంటుందిలే అని మాత్రం అనుకోకు. నాలుగో తరగతి పిల్ల బడి మానేసి తమ్ముణ్ణి ఎత్తుకుంటే, నీ తొమ్మిదో తరగతి కథే దానికి ఇంకా ముందుగా వస్తుంది.

డబ్బు గురించి. ఆ నెల కూలి ఉండదు, వారం కిస్తీలు ఉంటాయి. ఇది ముందే కట్టుకోకపోతే రెండో వారానికే ఫైనాన్స్ కుర్రాడు మీ అమ్మ ఇంటి ముందు నిలబడతాడు. పాప పేరు మీద వచ్చే తల్లికి వందనం పథకం డబ్బు, 2025లో పిల్లకు పదమూడు వేల చొప్పున తల్లుల ఖాతాల్లో వేశారు, నీకు అందే ఉండాలి. అది ఖర్చైపోకపోతే అందులోంచి నాలుగైదు కిస్తీలకు పక్కన పెట్టు. లేదంటే సంఘం పొదుపులోంచి చిన్న అప్పు తీసుకుని ఆ నెల గట్టెక్కు. డ్వాక్రా అప్పు వడ్డీకీ వారం అప్పు వడ్డీకీ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా. అసలు ఆ డెబ్బై వేలనూ సంఘం అప్పులోకి మార్చుకునే దారి చూడు, యానిమేటరును దీని గురించి కూర్చోబెట్టి అడుగు.

ఇప్పుడు ముప్పై ఒకటో రోజు. ముప్పై రోజులు చప్పట్లు, ఫొటోలు, స్నేహాలు. ముప్పై ఒకటో రోజు నువ్వు ఒక సంచీతో బస్సు దిగుతావు. ఇంట్లో మిషను ఉండదు. మరదలు "ఏం నేర్చుకున్నావు వదినా" అంటుంది. ఇక్కడే జారిపోతారు చెల్లీ అందరూ. చేతికి వచ్చిన పని రెండు నెలలు పక్కన పెడితే సగం పోతుంది, ధైర్యం మొత్తం పోతుంది. కాబట్టి శిక్షణకు వెళ్లకముందే మిషను ఎక్కడిదో తేల్చుకో. కొత్తది కొనకు, తొక్కుడు మిషను పాతది చాలు. మీ వీధిలోనే ఎవరింట్లోనో గుడ్డ కప్పి మూల పెట్టిన మిషను ఉండి తీరుతుంది, అద్దెకు అడుగు. మోటారు, పీకో మిషను, ఓవర్‌లాక్ అన్నీ ఒకేసారి కావాలని అప్పు చేయకు. ఆర్నెల్లు పని చూసి, ఏది అడిగి జనం తిరిగి వెళ్లిపోతున్నారో అది కొను.

ఆ ఆర్నెల్ల తర్వాత అప్పు కావాలంటే దారులున్నాయి. చిన్న వ్యాపారాలకు బ్యాంకులిచ్చే ముద్ర రుణాల్లో శిశు అనే మొదటి మెట్టు యాభై వేల దాకా. 2023 సెప్టెంబరులో మొదలైన కేంద్ర పథకం పీఎం విశ్వకర్మలో 18 చేతివృత్తులున్నాయి, దర్జీ పని అందులో ఒకటి. ఇంటికి ఒక్కరికే ఇస్తారు. ఎంపికైనవాళ్లకు శిక్షణ రోజుల్లో రోజుకు 500 భత్యం, పనిముట్లకు 15,000, అయిదు శాతం వడ్డీకి మొదటి విడత లక్ష దాకా రుణం. నీ చేత ఆ పని నడుస్తూ ఉంటేనే అది నీకు వర్తిస్తుంది, అందుకే ముందు మొదలుపెట్టమంటున్నాను.

మొదటి పది మందిని కూడా ముందే అనుకో. సంఘంలో పదిమంది ఉన్నారు కదా, ఒక్కొక్కరి ఆది జాకెట్, అదే కొలతకిచ్చే జాకెట్, ఒకటి తీసుకో. ఆది జాకెట్ చూసి కుట్టడం తేలిక, నీకు వేలు తిరుగుతుంది, వాళ్లకు నీ చేతి పని తెలుస్తుంది. ఊరికే కుట్టి పెట్టకు. మొదటి జాకెట్‌కు సగం కూలి తీసుకో, పాడైతే గుడ్డ డబ్బు ఇస్తానని చెప్పు, చెప్పినట్టే ఇవ్వు. "మనవాళ్లేగా" అని ఉచితంగా మొదలుపెట్టినవాళ్లు తర్వాత కూలి అడగడానికి సిగ్గుపడి మానేయడం నేను ఎన్నిసార్లు చూశానో. ఒక నోటుబుక్కులో దారం, లైనింగ్, హుక్కులు, కరెంటు, నువ్వు కూర్చున్న గంటలు అన్నీ రాయి. మా అమ్మ రాయనివి అవే.

కువైట్ గురించి కోపంగా చెప్పను. కోనసీమలో గల్ఫ్ డబ్బుతో లేచిన ఇళ్లెన్నో, ఆ ఆడవాళ్ల కష్టానికి దండం పెడతాను. కానీ ఆ ఏజెంటు చెప్పే దారి మంచిది కాదు. పదో తరగతి లేని పాస్‌పోర్టు మీద గల్ఫ్ దేశాలకు ఇంటి పనికి వెళ్లే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాలి. పైగా ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలని 2016లో నిబంధన పెట్టారు. మన రాష్ట్రంలో అది ఓంకాప్. విజిట్ వీసా మీద వెళ్లావంటే అక్కడ జీతం ఎగ్గొట్టినా, గదిలో పెట్టి తాళం వేసినా, నువ్వు పనిమనిషివని చెప్పడానికి చేతిలో కాగితం ఉండదు. రేపెప్పుడైనా వెళ్లాలనిపిస్తే ఓంకాప్ ద్వారా ఒప్పందం చదివించుకుని వెళ్లు. ఈ ఏజెంటుకు పాస్‌పోర్టు మాత్రం ఇవ్వకు.

మీ అమ్మ మాట మిగిలింది. నలుగురూ ఏమనుకుంటారో అన్నదే ఆవిడ భయమని నువ్వు రాశావు. నాకు అనిపించేది వేరు. అల్లుడు పొద్దున పనికి వెళ్లి సాయంత్రం రాలేదు. ఇప్పుడు కూతురు నెల రోజులు కంటికి కనిపించకుండా పోతానంటోంది. ఆ తల్లి గుండె ఏమంటుందో ఆలోచించు. వాదించకు. శిక్షణ సంస్థ చూడటానికి వెళ్లే రోజు ఆవిడను వెంట తీసుకెళ్లు, పిల్లాణ్ణి కూడా. ఆడపిల్లలు పడుకునే గది చూపించు, వంటగది చూపించు, వార్డెనుతో మాట్లాడించు. అక్కడ కూర్చున్న ఇరవై మంది ఆడవాళ్లను ఆవిడ కళ్లారా చూడాలి. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఏమీ అడగకు, ఆవిడే మాట్లాడేదాకా ఆగు.

ఏం తేలిందో నాకు రాయి. బ్యాచ్ తేదీ కూడా రాయి, కటింగ్‌లో ఎక్కడైనా ఆగిపోతే ఎప్పుడు ఉత్తరం వస్తుందో నాకు తెలుస్తుంది.

నీ అక్క